ఆకాశదుర్గం: రెండో ప్లేయర్

సురేంద్రబాబు చనిపోయేటప్పటికి అతని ఓడకి ఇంకా రెండు ప్రాణాలు మిగిలి ఉన్నాయి.

నల్లటి తెర మీద ఆకుపచ్చ త్రికోణం ఒకటి ఉన్నచోటే నిలబడి ఉంది. పైనుంచి పీతల్లాంటి శత్రువులు వరసలు వరసలుగా దిగుతున్నాయి. జాయ్‌స్టిక్ మీద తల వాల్చిన మనిషి కునుకు తీస్తున్నాడనుకుని వెనక నిలబడ్డ కాలేజీ కుర్రాళ్ళు నవ్వారు.

"ఏందన్నా, నువ్వు చేసిన గేము నీకే నిద్ర తెప్పిస్తా ఉండాదా?"

కౌంటర్‌లో కూర్చున్న కరుణశ్రీ నవ్వలేదు. స్టూలు కింద గోలీసోడా బుడ్డి దొర్లి ఉంది. వంగి దాన్ని తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. సోడాకి ఉండకూడని వాసన.

డాక్టరు వచ్చి గుండె ఆగిందన్నాడు. ఆగకుండా ఎవరి గుండె ఉంటుంది, అలాంటి సోడా తాగాక!

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఉన్న ఆ వీడియో గేముల షాపుకి ఓనర్లు నాగార్జున, వసంతకుమారి. కావలి వైపు వ్యాపారస్తుల కుటుంబమని, అన్నదమ్ములతో సరిపడక ఇటు వచ్చారని ఊరంతా నమ్మింది. నిజానికి వాళ్ళిద్దరినీ భార్యాభర్తలుగా చేసింది ప్రభుత్వం. ఢిల్లీలో ఎవరో సంతకం పెట్టారు, హైదరాబాదులో ఎవరో ముద్ర వేశారు, పెళ్ళయిపోయింది. వసంతకుమారి అసలు పేరు కరుణశ్రీ. జలదంకి బాప్టిస్టుల ఇంటి పిల్ల. ప్రభుత్వ గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో చేరి పద్నాలుగేళ్ళయింది. నాగార్జున అసలు పేరేమిటో ఆమెకి తెలియదు. అడగకూడదు. అది రూలు.

రూలు అంటే చిన్న ఇంట్లో రెండు మంచాలు. ఆ రెండు మంచాల మధ్య దూరం ఏడాది తిరగకుండానే తగ్గిపోయింది. అతను పప్పులో ఉప్పు తక్కువైతే చెప్పకుండా తినేవాడు. ఆమెకి జ్వరం వస్తే షాపు మూసి కూర్చునేవాడు. నలభై దగ్గరపడిన ఆడమనిషికి, ఎవరి కోసమూ ఎదురుచూడటం అలవాటు లేని మనిషికి, అది చాలు.

ఇక సురేంద్రబాబు. ఆత్మకూరులో టీవీలు బాగుచేసుకునే కుర్రవాడు. ఒక పాత కంప్యూటర్ ముందు రెండేళ్ళు కూర్చుని, కంపెనీ లేకుండా, సాయం లేకుండా, సొంతంగా ఒక గేమ్ తయారుచేశాడు. ఉదయగిరి కొండ మీది కోట చూసి దానికి ‘ఆకాశదుర్గం’ అని పేరు పెట్టాడు. మద్రాసులో రంగురంగుల గేములు వచ్చేసినా వీడిది మాత్రం పదిహేనేళ్ళ కిందటి వాటిలా ఉంటుంది. "రంగులెక్కువైతే కన్ను మోసపోద్దక్కా" అనేవాడు. "నల్ల ఆకాశం, తెల్ల చుక్కలు, ఒక ఓడ. ఇంక దాచడానికి ఏవుండాది?"

దాచడానికి ఏదో ఉందని అతనికే ముందు తెలిసింది. చనిపోయిన రోజు పొద్దున కౌంటర్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. "అక్కా, ఉదయగిరి బ్రాంచిలో పెట్టినామే రెండో మిషన్, దాంట్లో నేను పెట్టని వైరు ఒకటి ఉండాది. ఫైర్ బటన్ కాడ మొదలై షెడ్డు మీద యాంటెన్నా దాకా పొయ్యింది. ఇంకోసారి చూసుకోని సాయంత్రం చెప్తా."

కరుణశ్రీ ఆ మాట మధ్యాహ్నం అన్నం దగ్గర నాగార్జునకి చెప్పింది. తోటి ఏజెంటుకి చెప్పాలి కదా. మొగుడికి చెప్పాలి కదా.

సాయంత్రానికి సురేంద్రబాబు లేడు.

"పాత బట్టలకీ స్టీలు సామాన్లేయ్!"

మర్నాడు పొద్దున గంపతో వీధిలోకి వచ్చినవాడి పేరు పెంచలనరసింహం. జిల్లా మొత్తానికి ఆపరేషన్స్ చీఫ్. ఈ వేషం కోసం మీసం తీసేసుకున్నాడు, దానికి వాళ్ళావిడ రెండు రోజులు మాట్లాడలేదట.

కరుణశ్రీ గుమ్మంలోకి వచ్చింది. "చిరిగిన పట్టుచీరకి ఏమిస్తావయ్యా?"

"మూతలేని గిన్నె."

"మూత ఎవరు దాచినారు?"

"మూగోడు."

పాస్‌వర్డ్ సరిపోయింది. చీఫ్ గంప దించి, గిన్నె అడుగున వేలితో కొట్టి చూపిస్తూ గొంతు తగ్గించాడు. "సురేంద్రబాబుది హత్య. చేసింది ఆ పరాయి దేశపోళ్ళ గబ్బిలం గ్యాంగ్. వాళ్ళ ఏజెంట్ ఈ జిల్లాలోనే ఉండాడు. తెలుగు మనకంటే బాగా మాట్లాడతాడంట."

"టార్గెట్?"

"రేపు మధ్యాహ్నం సముద్రం ఒడ్డు నుంచి రాకెట్ లేస్తాది. దారి తప్పితే జనం మీద పడకముందే దాన్ని గాల్లో పేల్చాల. ఆ డిస్ట్రక్ట్ సిగ్నల్ పంపే రేడియో ఉదయగిరి కొండ మీద మన స్టేషన్‌లో ఉండాది. సిగ్నలంటే ఏం లేదమ్మా, ఒక వరసలో కొన్ని టిక్కులు. ఆ వరస తెలిసినోడు మంచి రాకెట్‌ని కూడా పేల్చేస్తాడు." పక్కింటావిడ తొంగిచూడటంతో గొంతు పెంచాడు. "ఈ చీరకి ఇంతకంటే రాదు తల్లీ, అంచంతా పొయ్యింది!"

"అంచు పోతే జరీ పోయిందా? చాల్లే నీ బేరం!" అని కరుణశ్రీ కూడా అరిచింది. పక్కింటావిడ తృప్తిగా లోపలికి వెళ్ళింది.

"కోడ్ మార్చినాం. ఫోన్లు ట్యాప్ అవతా ఉండాయి. నువ్వే మోసుకుపోయి స్టేషన్ ఆపరేటర్ కొండలయ్యకి చెప్పాల." గిన్నె మీద వేలితో కొట్టాడు. మూడు. ఆగాడు. ఒకటి. ఆగాడు. ఐదు. ఆగాడు. రెండు. "వచ్చిందా?"

"వచ్చింది."

"నాగార్జునకి కూడా చెప్పొద్దు."

"ఎందుకు సార్?"

"రూలు."

"ఉదయగిరి మిషన్‌లో ఆ వైరు?"

"నాగార్జునని చూడమన్నా. నిన్న రాత్రే పొయ్యి చూసొచ్చినాడు. ఉత్త ఎర్త్ వైరంట." చీఫ్ గంప ఎత్తుకున్నాడు. "రేపు నేను వెనక జీపులో వస్తా. ఆల్ ది బెస్ట్."

పట్టుచీర నిజంగానే పట్టుకుపోయాడు.

మర్నాడు ఉదయగిరి బస్సులో కరుణశ్రీకి కిటికీ పక్క సీటు దొరికింది. నాగార్జున పక్కన కూర్చున్నాడు. అందగాడు. నవ్వితే బస్సులో ఆడవాళ్ళు తిరిగి చూసే అందం. దుత్తలూరు దాటేదాకా మాట్లాడలేదు. ఊరు వెనకబడ్డాక కిటికీలోంచి వెనక్కి చూసి నెమ్మదిగా అన్నాడు.

"అది మా ఊరు."

కరుణశ్రీ ఉలిక్కిపడింది. "చెప్పకూడదు."

"తెలుసు. ఈ రోజు ఏమైనా జరగొచ్చు. నా పేరు తెలియకుండా నువ్వు నా కోసం ఏడవడం నాకిష్టం లేదు. నా పేరు యేసుబాబు. అమ్మా నాయనా లేరు. మా అవ్వ రెబెకమ్మ సాకింది. మేం బాప్టిస్టులం."

పద్నాలుగేళ్ళ సర్వీసులో ఆమెకి ఎవరూ నిజం పేరు చెప్పలేదు. కిటికీలోంచి వచ్చే దుమ్ము కళ్ళలో పడిందని కొంగుతో తుడుచుకుంది.

"నేను కరుణశ్రీ. జలదంకి. మేమూ అంతే."

"కరుణశ్రీ" అన్నాడతను, రుచి చూసినట్టు. కాసేపాగి, "నీకేమన్నా అయితే ఆ కోడ్ ఎవరు మోస్తారు కరుణా? ఇద్దరిలో ఒకరు మిగలాలి గదా" అన్నాడు.

ఆమె అతని అరచెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. వేలితో తట్టింది. మూడు. ఒకటి. ఐదు. రెండు. అతను గుప్పిట మూసుకున్నాడు. వెనక సీటు ముసలమ్మ ఆ చేతుల్ని చూసి, "కొత్త కాపురం మాదిరుండాది" అని పక్కామెతో అంది.

కొండలయ్య ఇల్లు ఉదయగిరి చర్చి పక్క సందులో. డ్యూటీకి బయల్దేరుతూ చెప్పులేసుకుంటున్నాడు. మంచినీళ్ళు ఇవ్వడానికని పెరట్లోకి పిలిచి కరుణశ్రీ చెప్పిన వరసని నీళ్ళ గోళెం మీద తట్టి చూసుకున్నాడు. "సరేనమ్మా. దీనితో పని పడకూడదని ప్రార్థన చేసుకోండి" అని కొండదారి పట్టాడు.

అతని భార్య ఆనందమ్మ పెట్టిన అన్నం తిని లేచేసరికి మధ్యాహ్నమైంది. ఆనందమ్మ ముందు గదిలో మనవణ్ణి ఉయ్యాల్లో ఊపుతోంది. నాగార్జున ఉయ్యాల దగ్గర వంగి బిడ్డ బుగ్గ తాకాడు. కరుణశ్రీ వచ్చి పక్కన నిలబడగానే ఆమెకి మాత్రమే వినపడేటట్టు అన్నాడు.

"నేనూ నలభై దినాల బిడ్డనంట. మా అవ్వ చంకలో ఏసుకోని పొయ్యి ఈ పక్కనుండే గుడిలాంటి గుడిలోనే నాకు బాప్తిస్మం ఇప్పించినాది."

ఆమె నవ్వింది. నవ్వు మొహం మీద ఉండగానే లోపల ఏదో చల్లబడింది.

"అవ్వది ఏ సంఘం?" అంది, మామూలుగా.

"చెప్పినా గదా, బాప్టిస్టే. నేను షాపు తెరిచి వస్తా. నువ్వు ఇక్కడే ఉండు, ఎండగా ఉండాది." భుజం తట్టి వెళ్ళిపోయాడు.

కరుణశ్రీ గోడకి ఆనుకుంది. తనకి పదహారేళ్ళప్పుడు జలదంకి చెరువులో నడుం లోతు నీళ్ళల్లో తెల్లచీరతో నిలబడటం గుర్తుంది. పాస్టరు అందరి ముందూ ప్రశ్నలు అడగటం, తను వణుకుతూ జవాబు చెప్పటం, నీళ్ళు ముక్కులోకి పోవటం. పొరపాటు పడుతోందా? ఆయనకెవరైనా తప్పు చెప్పారేమో. ఒక్క మాట తప్పయితే మనిషంతా తప్పవుతాడా?

"ఆనందమ్మగారూ, బిడ్డకి బాప్తిస్మం అయిందా?" అంది, ఏమీ తెలియని వ్యాపారస్తుల ఇంటి కోడలిలా.

ఆనందమ్మ ఉయ్యాల ఆపి పకపకా నవ్వింది. "పాలు తాగే బిడ్డకి బాప్తిస్మమేంది తల్లీ! ఏం తెలిసి ఒప్పుకుంటాడు ఈడు? పెద్దోడై, నమ్ముకోని, ఈడి నోటితో ఈడు చెప్పాల. అప్పుడు నీళ్ళల్లో ముంచుతారు. ఇప్పుడు ముంచితే ఊపిరాడద్దా?"

"కొందరు పసిబిడ్డలకే ఇస్తారంటారే?"

"వేరే మిషన్ సంఘాల్లో నెత్తిన నీళ్ళు చల్లుతారమ్మా. బాప్టిస్టోళ్ళల్లో ఎక్కడా లేదు. మా జేజమ్మల కాడి నుంచి ఈ పక్క అంతే. బాప్టిస్టు ఇంట్లో పుట్టినోడికి ఇది తెలీకుండా ఉంటాదా?"

ఉండదు.

ఎక్కడో దూరదేశంలో, ఎవరో మేధావి, ఫైలులో దుత్తలూరు రాశాడు, రెబెకమ్మ అని రాశాడు, నెల్లూరు యాస నేర్పించాడు. క్రైస్తవులందరూ ఒకటే అనుకుని చంకలో బిడ్డని కూడా రాశాడు. నాగార్జున అనే వేషం అబద్ధమని ఆమెకి మొదటినుంచీ తెలుసు. ఆ వేషం కింద ఉన్న యేసుబాబు కూడా వేషమే. ఉప్పు లేని పప్పు తిన్నది ఎవరు? జ్వరానికి తల పట్టింది ఎవరు?

సోడా బుడ్డిలో గోలీ నొక్కి సురేంద్రబాబు చేతికిచ్చింది ఎవరో ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ వైరు మాట మోసినది మాత్రం తనే. వైరు మాట మోసింది, కోడ్ కూడా మోసింది, అరచేతిలో పెట్టింది.

టిఫిన్ క్యారియర్ అడుగున దాచిన వైర్‌లెస్ సెట్ చీఫ్ జీపు ఒక్కదానికే అందుతుంది, అదింకా దూరంలోనే ఉంది. క్యారియర్ పట్టుకునే సందు చివర ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తింది. "లైన్ కట్టయిందక్కా, పొద్దున్నుంచీ" అన్నాడు బూత్ అతను. కొండెక్కాలంటే గంట పైన. రాకెట్ లేవడానికి పది నిమిషాలు.

షాపు వైపు పరిగెత్తింది.

ఉదయగిరి బస్టాండు పక్క రేకుల షెడ్డు నిండా జనం. ‘ఆకాశదుర్గం’ మిషన్ ముందు నాగార్జున నిలబడి ఉన్నాడు. ఎడమచెయ్యి జాయ్‌స్టిక్ మీద, కుడిచెయ్యి ఎర్ర బటన్ మీద. ఓనరే ఆడుతున్నాడని చూడటానికి గుంపు కట్టారు. ఎంత మంచి ఏర్పాటు! కొండ మీద రేడియో స్టేషన్ చుట్టూ ముళ్ళకంచె, తుపాకీలతో కాపలా. కొండ కింద అదే పని చేసే గేమ్ మిషన్, చుట్టూ ఈలలు.

టీ బంకులో రేడియో గొంతు వినపడింది. కౌంట్‌డౌన్ అయిపోయింది. రాకెట్ లేచింది.

నాగార్జున ఓడ కాల్చింది. టుయ్. టుయ్. టుయ్. ఆగింది.

మెయిన్ స్విచ్ వైపు చూసింది కరుణశ్రీ. మిషన్ కింద లారీ బ్యాటరీ. స్విచ్ ఆపినా లాభం లేదు. అరిస్తే? అతని లాల్చీ జేబు బరువుగా వేలాడుతోంది, చుట్టూ జనం. అప్పుడు మిషన్‌కి ఎడమవైపున ఖాళీగా ఉన్న రెండో జాయ్‌స్టిక్, నీలం బటన్ కనిపించాయి. సురేంద్రబాబు ఒకసారి సిగ్గుపడుతూ చెప్పాడు. "రెండు బటన్లకీ ఒకటే లైన్ అక్కా. ఇంకో పార్టు కొనే స్తోమత లేక అట్టా కానిచ్చినాను."

గుంపుని తోసుకుని వెళ్ళి రూపాయి బిళ్ళ వేసింది. తెర కింద పసుపు త్రికోణం పుట్టింది. ప్లేయర్ టూ.

"ఒరే, మొగుడూ పెళ్ళాం ఆడతా ఉండార్రా!" అని ఎవరో ఈల వేశారు.

టుయ్, అని అతను ‘ఒకటి’ కొట్టాడు. టుయ్ టుయ్, అని ఆమె కలిపింది.

నాగార్జున ఆమె వైపు తిరగలేదు. దవడ మాత్రం బిగిసింది. "ఇంటికి పో వసంతా."

"ఏ ఇంటికి?"

అతను మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. మూడు. ఆగాడు. ఒకటి. ఆగాడు. ఐదులో నాలుగో దెబ్బ దగ్గర ఆమె బటన్ మోగింది. వరస చెడింది. జనం విరగబడి నవ్వుతున్నారు. "అబ్బయ్యా, నీ పెళ్ళాం నీ శత్రువుల్ని కాల్చేస్తా ఉండాదే!"

"నీ పేరేంది?" అంది కరుణశ్రీ, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"చెప్పినా గదా."

"నలభై దినాల బిడ్డ పేరు వద్దు. నీ పేరు."

అప్పుడతనికి అర్థమైంది. ఎడమచేత్తో జాయ్‌స్టిక్ వదిలేసి ఆమె రెండు మణికట్లూ కలిపి పట్టుకున్నాడు. సంసారుల సరసం అనుకుని ఆడవాళ్ళు కూడా నవ్వారు. గాజులు పగిలి చర్మంలోకి దిగాయి. తెర మీద అతని ఓడ దెబ్బలు తింటోంది. ప్రాణాలు తగ్గుతున్నాయి. అతనికి కావాల్సింది ఓడ కాదు, బటన్.

మూడు. ఆగాడు. ఒకటి. ఆగాడు. ఐదు. ఆగాడు.

ఇంక రెండు దెబ్బలు. టుయ్.

కరుణశ్రీ వంగి, నుదురుతో నీలం బటన్‌ని గుద్దింది.

గుద్దుతూనే ఉంది. టుయ్ టుయ్ టుయ్ టుయ్ అని మిషన్ పిచ్చిపట్టినట్టు అరిచింది. అతని ఆకుపచ్చ ఓడ పేలింది. నీలం బటన్ నిండా కుంకుమ.

బయట ఎవరో కేక వేశారు. "అదిగో రా! రాకెట్టు! తూర్పుకి చూడు!" షెడ్డంతా ఒక్క ఊపున ఖాళీ అయింది. ఆకాశంలో తెల్లటి గీత ఒకటి, ఎవరూ చెరపలేని గీత, వంగుతూ సముద్రం మీదకి సాగిపోయింది. టీ బంకు రేడియోలో చప్పట్లు.

లోపల ఇద్దరే మిగిలారు.

"జేబులో పిస్తోలు ఉండాదిగా, ఇందాకే ఎందుకు కాల్చలేదు?" అంది కరుణశ్రీ. అడగకూడదని తెలుసు. అడిగింది.

అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "జనం ఉన్నారు."

ఆమె ఎదురుచూసిన జవాబు అది కాదు. అలా ఎదురుచూసినందుకే తన మీద తనకి అసహ్యం వేసింది.

"ఇప్పుడు లేరు" అని అతను పిస్తోలు తీశాడు. ఆ గొంతులో దుత్తలూరు లేదు, నెల్లూరు లేదు, ఏ ఊరూ లేదు. వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది.

ఠంగ్!

గుడిగంటలా మోగింది. నాగార్జున మోకాళ్ళ మీద కూలాడు. అతని వెనక పెంచలనరసింహం రెండు చేతులతో స్టీలు బిందె పట్టుకుని రొప్పుతున్నాడు. బిందెకి పెద్ద సొట్ట.

"వింజమూరు దాటినాక జీపు టైరు పంచరైందమ్మా" అన్నాడు చీఫ్. "దేశరక్షణకి స్టెప్నీ లేదు!"

ఇద్దరు మనుషులు నాగార్జునకి బేడీలు వేసి జీపెక్కించారు. పోతూ అతను వెనక్కి చూశాడు. ఏదో చెప్పబోయినట్టు పెదవి కదిలింది. ఏ భాషలో చెప్పేవాడో ఏమో, చెప్పలేదు.

కరుణశ్రీ షెడ్డు మెట్టు మీద కూర్చుని మణికట్టులోంచి గాజుపెంకులు తీసుకుంటోంది. చీఫ్ టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టాడు.

"నెల కిందటే డౌటు వచ్చినాది మాకు. అందుకే చెప్పొద్దన్నా నీకు."

ఆమె చెయ్యి ఆగింది. "నెల కిందటా? ఆ మాట నాకు చెప్పి ఉంటే సురేంద్రబాబు బతికేవాడు. వైరు సంగతి నేను మోసేదాన్ని కాదు."

"వాడి మీద ప్రూఫ్ లేదమ్మా. నీకు చెప్తే నీ మొహంలో తెలిసిపోతాది. కాపురం చేసే ఆడమనిషి మొహం దాగదు."

"అంటే, ఎరకి చెప్పి గాలం వెయ్యరు."

చీఫ్ మీసం ఉన్న చోట తడుముకున్నాడు, అది లేదు. దూరంగా ఆనందమ్మ బిడ్డని చంకనేసుకుని రాకెట్ చూడటానికి వచ్చి, అప్పటికే చెదిరిపోతున్న తెల్లగీతని చూపిస్తోంది.

కరుణశ్రీ టిఫిన్ క్యారియర్ అడుగునుంచి వైర్‌లెస్ సెట్ తీసి మెట్టు మీద పెట్టింది. తర్వాత మెడలోంచి పసుపుతాడు తీసి దాని పక్కన పెట్టింది.

"ఇదీ స్టోర్స్‌దే సార్. రసీదు ఇవ్వండి."

చీఫ్ దాన్ని తాకలేదు. "నెల రోజులు రెస్టు తీసుకో. తర్వాత బళ్ళారిలో ఒక అసైన్‌మెంట్ ఉండాది. భార్యాభర్తల కవరే. ఈసారి మనిషిని బాగా విచారించినాం. చానా మంచోడు."

కరుణశ్రీ టీ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగింది. చక్కెర ఎక్కువైంది.

"మొగుడు వద్దు సార్. ఈసారి విధవ వేషం ఇప్పించండి. ట్రైనింగ్ అయిపోయింది."